ఎస్తర్ పెంచిన పదిహేడో నంబరు

ఎస్తర్‌తో రెండేళ్లు ఒకే హాస్టల్ గదిలో ఉన్నాను. ఆ పిల్లని చంపకుండా వదిలిపెట్టినందుకు నాకు ఎవరైనా శాలువా కప్పాలి. మనిషి మంచిదే. గట్టిగా మాట్లాడితే కళ్లనీళ్లు పెట్టుకునే రకం. కానీ కనబడిన ప్రతిదాన్నీ వాసన చూసే జబ్బు ఒకటుంది. మెస్సులో పప్పు, నా తడి తువ్వాలు, బస్సులో పక్కావిడ సంచిలోని పచ్చడి, ఏదీ దాని ముక్కుని తప్పించుకోలేదు. చూసి ఊరుకున్నా బాగుండును. "ఝాన్సీ, గీ పప్పుల పులుపు మొదలైంది, తినకు" అంటుంది. కాలే కడుపుతో కంచం ముందు కూర్చున్న మనిషికి చెప్పే మాటేనా అది?

మేమిద్దరం చదివింది నిజామాబాద్‌లో, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ కలిపిన ఎమ్మెస్సీ. నేను చేరింది మా తాత బసవయ్య పోరు పడలేక. మా వాళ్లు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ పక్కన కాలువ కింద భూములు కొనుక్కున్నారు. మా ఊరిని ఇప్పటికీ క్యాంపు అనే పిలుస్తారు. బయోటెక్నాలజీ అంటే దోమపోటు రాని వరి అని తాతకి ఎవరో చెప్పారట. నేను రెండేళ్లు చదివాక కూడా మా పొలానికి దోమపోటు వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ ఆయన నా వైపు అదోలా చూస్తూనే ఉన్నాడు.

ఎస్తర్ అలా కాదు, ఇష్టపడి చేరింది. వాళ్లది మా క్యాంపుకి మూడు కిలోమీటర్ల అవతల ఊరు. వాళ్ల బాపు దాసు చెరుకు ట్రాక్టరు నడుపుతాడు. ఒకప్పుడు కల్లు తాగి నలుగురి భుజాల మీద ఇంటికొచ్చిన మనిషేనట. పదకొండేళ్ల కింద వాళ్ల పాస్టరు శాంతి కుమార్ అయ్యగారి ముందు ఒట్టేసి మానేశాడు, మళ్లీ ముట్టలేదు. అమ్మ శారమ్మ నాట్లకీ కలుపుకీ పోతుంది. అది కాక ఊళ్లోని మెథడిస్టు చర్చిలో ఒక బాధ్యత ఆవిడది. నెలలో మొదటి ఆదివారం ఆరాధనలో అందరూ చిన్న రొట్టె ముక్క, వేలెడంత కప్పులో ద్రాక్షరసం తీసుకుంటారు. ఆ రసం కాచి సీసాల్లో పోసేది శారమ్మే. అది పులియకూడదు. వాళ్ల చర్చిలో మద్యం పేరెత్తితేనే అయ్యగారికి బీపీ పెరుగుతుంది. ఇరవై ఏళ్లలో శారమ్మ పోసిన సీసా ఒక్కటి కూడా పులవలేదు.

ఎస్తర్ ఏం చదువుతోందో ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరు కాదు, నర్సు కాదు, మరేంటి? ల్యాబు అన్న మాట మాత్రం విన్నారు కాబట్టి, సెలవులకి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు చిన్న సీసాలో ఉచ్చ పట్టుకుని గుమ్మం ముందు నిలబడేవాళ్లు. ఒకసారి భీమవ్వ తన బర్రెది పట్టుకొచ్చింది. "నేను గిట్లాంటివి సూడ అవ్వా" అని ఎస్తర్ ఎంత మొత్తుకున్నా వినదే. "జర వాసనన్న సూసి చెప్పు బిడ్డా, నీకు తెలుస్తదంట గద" అంది. మా మహాతల్లి చూసింది కూడా.

చివరి సెమిస్టర్లో తలా ఒక ప్రాజెక్టు చేయాలి. ఎస్తర్ ఈస్టు మీద చేసింది. ఈస్టంటే కంటికి కనబడని జీవి. తీపి తిని గ్యాసూ సారాయీ వదులుతుంది. రొట్టె పొంగేదీ కల్లు పులిసేదీ దానివల్లే. ఎండ మండిపోయే చోట కూడా పనిచేసే ఈస్టు దొరికితే ఎంతో మేలని, ఎస్తర్ బోధన్ బస్టాండు ముందు చెరుకురసం బండ్ల చుట్టూ నెల రోజులు తిరిగింది. బండివాళ్లు మొదట దాన్ని ఫుడ్ ఇన్‌స్పెక్టరు అనుకుని ఊరికే రసం పోశారు. తర్వాత పిచ్చిదనుకుని ఇంకా ఎక్కువ పోశారు. అలా పట్టుకొచ్చిన రసంలోంచి ఇరవై మూడు రకాల ఈస్టులు వేరుచేసి నంబర్లు వేసింది. నలభై రెండు డిగ్రీల వేడిలో పెడితే ఇరవై రెండు చేతులెత్తేశాయి. పదిహేడో నంబరు ఒక్కటే చకచకా పనిచేసింది. నిజామాబాద్ జిల్లా మొత్తం మీద మే నెల మధ్యాహ్నం పనిచేసే ప్రాణి ఇదొక్కటే అన్నాను నేను. ఎస్తర్ నవ్వలేదు. దాని విషయంలో నవ్వదు.

ఆర్నెల్లు పెంచింది దాన్ని. పొద్దున లేవగానే ల్యాబుకి వెళ్లి "ఎట్లున్నవ్?" అని అడిగేది. ఒట్టు, నా చెవులతో విన్నాను.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. పదిహేడో నంబరు పెరుగుతున్న గాజు పళ్లాలు ఆరు ఉండేవి. తెల్లటి చుక్కలు ముత్యాల్లా ఉన్నాయి కదా అని, మూతలు తీసి ఫ్యాను కింద పెట్టి నా వాట్సాప్ స్టేటస్‌కి ఫొటో తీశాను. మూడు రోజుల్లో ఆరింటికీ ఆకుపచ్చ బూజు పట్టింది. ఎస్తర్ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మిగిలింది ఒకే ఒక్క ఫ్లాస్కు, దూది బిరడా పెట్టిన గాజు సీసా. అందులో బురదనీళ్ల రంగులో పదిహేడో నంబరు.

మా గైడు శ్రీధర్ సార్ పిలిచి చెప్పారు. "మంగళవారం వైవా. హైదరాబాద్ నుంచి మేడమ్ వస్తున్నారు. బతికున్న ఈస్టు కల్చర్ కళ్లతో చూడందే ఆవిడ సంతకం పెట్టరు. అది పోయిందంటే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే మళ్లీ ఏడాది. జాగ్రత్త తల్లీ."

ఈ మాట శుక్రవారం పొద్దున. మధ్యాహ్నానికి నోటీసు అంటించారు. ట్రాన్స్‌ఫార్మరు మారుస్తారట, ఆదివారం సాయంత్రం దాకా ల్యాబుకి కరెంటు ఉండదట. హాస్టల్ ఫ్రిజ్‌లో పెడితే ఎవరో ఒకరు తాగేస్తారు, ఇది అనుభవం మీద చెబుతున్నాను. చివరికి ఎస్తర్ ఫ్లాస్కుని ఐసుముక్కల డబ్బాలో కూర్చోబెట్టి, ఒళ్లో పెట్టుకుని, బోధన్ బస్సెక్కింది. పక్కన నేను. దారి పొడుగునా పుల్లటి వాసన. ముందు సీట్లో బిలోలి వెళ్లే మరాఠీ ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మమ్మల్ని ఎగాదిగా చూసింది. కండక్టరు ఆగి అడిగింది.

"గదేంది, కల్లా?"

"కాదక్కా, ఈస్టు."

"గదేం కంపిని?"

ఇంటికెళ్లగానే ఎస్తర్ ఫ్లాస్కుని ఫ్రిజ్‌లో పెట్టి వాళ్ల అమ్మకి పాఠం చెప్పింది. "అవ్వా, గిందుల ఉన్నది పానం తోని ఉన్నది. గిది సచ్చిపోతే నా చదువు పోతది. చేతులు కడుక్కోకుండ అస్సలు ముట్టకు."

శారమ్మ ఫ్లాస్కుని ఎగాదిగా చూసింది. "తోడు లెక్కన?"

"అవ్, తోడు లెక్కనే. గిదొక్కటే మిగిలింది."

"ఒక్కటేనా?" శారమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "గింత చదువుకున్నరు, తోడు ఒక్క ఇంట్లనే ఉంచుతరానే ఎవ్వలన్న?"

మంచి తోడు దొరికితే వాళ్ల వాడకట్టులో నాలుగిళ్లకి పంచుతారు. మన ఇంట్లో పెరుగు విరిగినా పక్కింటి నుంచి మన తోడు మనకి తిరిగొస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు, మా క్యాంపులోనూ ఇంతే. తెలిసి కూడా నేను నవ్వి ఊరుకున్నాను. ఎస్తర్ కూడా నవ్వి, మర్నాడు రిపోర్టు బైండింగ్ చేయించడానికి పొద్దున్నే నాతో బోధన్ వచ్చేసింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఎస్తర్‌ని తీసుకెళ్దామని స్కూటీ మీద వాళ్ల ఇంటికెళ్లాను. ఎస్తర్ ఫ్రిజ్ ముందు నేల మీద కూలబడి ఉంది. ఒళ్లో ఫ్లాస్కు. ముక్కు దాని మూతి దగ్గర.

"సచ్చిపోయింది ఝాన్సీ. ఉడికిన వాసనొస్తుంది."

శారమ్మ మాత్రం నిశ్చింతగా చాట చెరుగుతోంది. "ఏం సావలే. నిన్న పొద్దున నుంచి పొద్దుమీకిదాక కరెంటు లేకపాయె. ఫ్రిజ్ల పాసిపోతదని మరగవెట్టిన. మూడు పొంగులు రానిచ్చి, సల్లార్చి, దూది మళ్ల గట్లనే వెట్టిన."

"అవ్వా!"

"చేతులు కడుక్కున్ననే! సబ్బు వెట్టి కడుక్కున్న!"

ఏమంటాం? పాలు మిగిలితే ఏం చేస్తామో ఆవిడా అదే చేసింది. అంత ప్రేమగా, అంత శుభ్రంగా, కోట్ల కొద్దీ ఈస్టుల్ని చంపేసింది. ఎస్తర్ ఏడుపు మొదలుపెట్టింది. బిడ్డ ఏడుపు చూసి శారమ్మ ముఖం పాలిపోయింది. చాట కింద పెట్టేసి, "మరగవెట్టంగ ముందట అందరికి ఇచ్చిన గద! నీ తోడు ఊళ్లె ఉన్నదే, లే!" అంది.

శుక్రవారం సాయంత్రమే నాలుగిళ్లకి తలా ఒక గంటెడు పంచిపెట్టిందట ఈ తల్లి. నేను ఎస్తర్‌ని లాక్కుని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

ముందు భీమవ్వ. ఆవిడ పాలలో వేసింది, అవి తోడుకోలేదు సరికదా నురగ కక్కాయి, తీసుకెళ్లి బర్రెకి పోసింది. "బర్రె నిన్నటి సంది మస్తు ఖుషీగున్నది" అని చెప్పింది. పక్కింటి ముసలాయన కాశయ్య మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "మంచిగుండె బిడ్డా. ఇంకింత ఉన్నదా?" అన్నాడు. సువర్ణ ఏదో కంపు కొడుతోందని పారబోసి, గిన్నెని బూడిదతో ఒకసారి, సబ్బుతో ఒకసారి తోమి ఎండలో బోర్లించింది. ఆ గిన్నె ఎంత మెరిసిపోతోందో చూపించి మరీ మురిసిపోయింది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

గోదావరి ఇంట్లో మాత్రం ఆశ పుట్టింది. ఆవిడ దోసెల పిండిలో కలిపింది. పిండి గిన్నె దాటి, పొయ్యి గట్టు దాటి, కిందికి దిగుతోంది. "బతికే ఉంది!" అని అరిచాను. ఎస్తర్ ముక్కు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. పిండిలో వేరే సూక్ష్మజీవులు లక్ష ఉంటాయి, మనదాన్ని వాటిలోంచి వేరు చేయడానికి వారం పడుతుంది, మంగళవారానికి కుదరదు అంది. గోదావరి మాకు తలా రెండు దోసెలు పెట్టింది. ఎస్తర్ ఏడుస్తూ తినలేదు. నేను దానివి కూడా తిన్నాను. ఆకలికి సిగ్గేంటండీ, దోసెలు దూదిలా ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి శారమ్మ గుమ్మంలో కొంగు నలుపుతూ నిలబడి ఉంది.

"ఇంకొక్కటున్నది" అంది చాలా చిన్నగా. "సర్చిల."

ఇవాళ మొదటి ఆదివారం కదా, ఈ నెల రసం మూడు సీసాలు పోసింది. ఇంకో సీసాకి సరిపడా మిగిలితే నాలుగోదాంట్లో పట్టి, అందులో ఒక చెంచాడు తోడు వేసి, మెడకి ఎర్ర దారం కట్టి, చర్చి అల్మారాలో వెనక్కి పెట్టింది. దేవుడి దగ్గరున్నది ఎవరూ ముట్టరని ఆవిడ ధైర్యం. పులిసేదాన్ని ఆ అల్మారాలో పెట్టానని చెప్పడానికి భయపడి ఇప్పటిదాకా నోరు మెదపలేదు.

ఎస్తర్ ఏడుపు ఠక్కున ఆగింది. "సీసా ఉడకవెట్టినవా?"

"ఎప్పుడు ఉడకవెట్టలే?"

"చెంచా?"

"అది గూడ."

"ఝాన్సీ!" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. "కాచిన రసం, ఉడికిన సీసా. గండ్ల నా పదిహేడు తప్ప ఇంకేం ఉండది! ల్యాబుల కంటె సాఫ్‌గుంటది!"

శారమ్మతో కలిసి చర్చికి చేరేసరికి పాటలు మొదలయ్యాయి. చర్చి పనులు చూసుకునే బెన్‌హర్ తాత గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఆయనకి చూపు అంతంతమాత్రం.

"రసమా? కప్పుల పోసేసిన. ఇయ్యాల మూత తీస్తే టప్పుమన్నది బిడ్డా! నురగొచ్చింది. కొత్తరకం ద్రాక్ష కావచ్చనుకున్న."

"దారం కట్టిన సీసానా తాతా?"

"దారముండె. తెంపి పారేసిన."

"సీసా ఏది?"

"కడిగి ఎండకు వెట్టిన" అన్నాడు గర్వంగా. ఈ ఊళ్లో ఇంత శుభ్రత ఏమిటో నాకర్థం కాదు.

అంటే పదిహేడో నంబరు ఇప్పుడు బల్ల మీద, తెల్లగుడ్డ కింద, అరవై చిన్న కప్పుల్లో ఉంది. చుట్టూ డెబ్బై మంది జనం. ముందు శాంతి కుమార్ అయ్యగారు. ఆ రోజు ప్రసంగం దేని మీద అనుకున్నారు? తాగుడు మీద. "ఒక్క చుక్క కూడా!" అని ఆయన బల్ల గుద్దినప్పుడల్లా గుడ్డ మీద ఊదారంగు మరక ఇంకొంచెం పెద్దదవుతోంది.

వెనక చాప మీద కూర్చుని మేం కుట్ర పన్నాం. ఎస్తర్ వరసలో వెళ్లి కప్పు తీసుకుంటుంది, తాగకుండా చున్నీ చాటున వెనక్కి తెస్తుంది. శుక్రవారం ల్యాబు నుంచి ఫ్లాస్కుతో పాటు తెచ్చిన, మూత బిగించిన శుభ్రమైన ట్యూబులు నాలుగు నా సంచిలో ఎలాగూ ఉన్నాయి.

"పాపం కాదా ఝాన్సీ?" అంది ఎస్తర్.

"తెచ్చుకుంటే దొంగతనం, తాగితే సారాయి. నువ్వే తేల్చుకో" అన్నాను. నాకు ఓదార్చడం రాదు.

అయ్యగారు గుడ్డ తీశారు. మొదటి వరస లేచి బల్ల ముందు మోకరించింది. అందులో దాసు ఉన్నాడు. చేతులు కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన్ని చూడగానే ఆడవాళ్ల వైపు నుంచి శారమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆగుండ్రి! ఓ ఎస్తర్ బాపూ, లెవ్వు! ముట్టకు, గది పులిసింది!"

శారమ్మ అంతటితో ఆపలేదు. "తప్పు నాది. బిడ్డ సదువుది గండ్ల దాసిన. గాయన పదకొండేండ్ల సంది సుక్క ముట్టలే. నా చేతితోని ముట్టనియ్య. నన్ను ఏమన్నంటే అనుండ్రి."

ఎస్తర్ మోకాళ్లలో తల దాచుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. బిడ్డకి ఆ కప్పులో ఏముందో తెలిసి, ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే అది చేతికొస్తుందని తెలిసి కూడా ఆవిడ లేచింది. ఇరవై ఏళ్ల పేరు డెబ్బై మంది ముందు పోగొట్టుకుంది. దాసు మెల్లగా కళ్లు తెరిచి, లేచి వచ్చి పెళ్లాం పక్కన నిలబడ్డాడు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి బెన్‌హర్ తాత గొంతు. "అయితే నేను పొద్దుగాల పోసుకుంట పోసుకుంట మూడు కప్పులు రుచి సూసిన. గందుకేనా తలకాయ తేలిగ్గున్నది?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. అయ్యగారు కోపంగానే ఒక కప్పు ఎత్తి చూశారు, వాసన చూశారు, ఆయన పెదవి కూడా వణికింది. గట్టిగా దగ్గి సర్దుకున్నారు.

"ప్రార్థన ఇంకా చేయలేదు కాబట్టి ఇవి ఉత్త కప్పులే. బెన్‌హర్, కొత్త సీసాలు తీసుకురా, దారం చూసి తీసుకురా. ఎస్తర్, నీకు కావాల్సింది తీసుకోమ్మా. తొందరగా."

ఎస్తర్ లేచి ముందుకి నడిచింది, ట్యూబులతో నేను వెనకాల. బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. మంట పక్కన పెట్టుకుని పోస్తే గాల్లోని దుమ్మూ సూక్ష్మజీవులూ లోపల పడవు, మాకు మొదటి సెమిస్టర్లో నేర్పే పని అది. మంట రెపరెపలాడింది. రెండేళ్లలో ఎన్నడూ గొంతు పెంచని పిల్ల, పాస్టరు గారి బల్ల ముందు నిలబడి చర్చి మొత్తానికి వినబడేలా అరిచింది.

"ఫ్యాన్లు బంద్ చెయ్యుండ్రి! ఎవ్వలు దగ్గద్దు! తుమ్మద్దు! ముందు వరస ఊపిరి ఆపుండ్రి!"

ఫ్యాన్లు ఆగాయి. డెబ్బై మంది ఊపిరి బిగబట్టారు. సువర్ణ ముక్కు పట్టుకుని టమాటా పండులా అయిపోయింది. అయ్యగారు కూడా బుగ్గలు పూరించుకుని నిలబడ్డారు. నేను ట్యూబు మూతి మంటకి చూపించడం, ఎస్తర్ కప్పు వంచడం, మూత బిగించడం. నాలుగు ట్యూబులు. "అయింది" అని ఎస్తర్ అనగానే చర్చి అంతా ఒక్కసారి బుస్సుమని ఊపిరి వదిలింది. కొవ్వొత్తులు రెండూ ఆరిపోయాయి.

ఆ సాయంత్రం కరెంటు రాగానే కొత్త పళ్లాల్లో వేసి నలభై రెండు డిగ్రీల పెట్టెలో పెట్టాం. సోమవారం ఎస్తర్ నన్ను ల్యాబులోకి రానివ్వలేదు. ఫోను లాక్కుని మరీ బయట నిలబెట్టింది.

మంగళవారం పొద్దున తలుపు తీసి చూస్తే పళ్లెం నిండా తెల్లటి చుక్కలు, ఒకే రకం, ఒక్క మచ్చ లేదు. నేను గంతులేశాను. ఎస్తర్ వాసన చూసి, "అదే" అంది.

శ్రీధర్ సార్‌కి జరిగిందంతా చెప్పాం. ఆయన నెత్తి పట్టుకున్నారు. "అమ్మా, దండం పెడతా. అడిగితే నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో ఉందని చెప్పు. చర్చి అనకు, బర్రె అసలే అనకు."

మేడమ్ సన్నగా, పొడుగ్గా, నవ్వడం తెలియనట్టు ఉన్నారు. పళ్లెం చూశారు, మైక్రోస్కోపులో చూశారు, రిపోర్టు తిరగేశారు. "చాలా స్వచ్ఛంగా ఉంది. మూడు రోజులు కరెంటు లేదన్నారు కదా, దీన్ని ఎక్కడ పెట్టారు?"

శ్రీధర్ సార్ కిటికీలోంచి బయటికి చూశారు. ఎస్తర్ గొంతు సవరించుకుంది. ఫ్రిజ్ అన్న మాట దాని పెదవుల దాకా రావడం నేను చూశాను.

"మా అవ్వ పోసిన ద్రాక్షరసం సీసాల ఉండె మేడం" అంది. తర్వాత మొత్తం చెప్పేసింది. మరిగించడం, దోసెలు, కాశయ్య తాత, చివరికి బర్రె కూడా. మేడమ్ పెన్ను కింద పెట్టారు.

"ఆ సీసాలో వేరేదేదీ చేరలేదని నీకు ఎలా తెలుసు?"

"మా అవ్వ ఇరవై ఏండ్ల సంది పోస్తుంది మేడం. ఒక్కటి గూడ పులవలే."

"ఆవిడ ఎక్కడ?"

ఎక్కడేంటి, వరండాలోనే. మా మాట వినకుండా పొద్దున మొదటి బస్సుకి వచ్చేసింది, తన వల్ల బిడ్డ చదువు పోకుండా పెద్దసార్ల కాళ్లు పట్టుకుంటానని. టిఫిన్ డబ్బా సహా లోపలికి వచ్చి, కుర్చీ ఇస్తే అంచు మీద కూర్చుంది. మేడమ్ ఆవిడ వైపు తిరిగి, మమ్మల్ని అడిగిన గొంతుతోనే అడిగారు. "సీసాల్లో ఎలా పోస్తారు?"

"సీసాలు, మూతలు, గంటె అన్ని నీళ్లల్ల ఉడకవెడ్త మేడం. రసం మరుగుతుంటనే పొయ్యి పక్కపొంటి కూసొని పోస్త. పోసేటప్పుడు మాట్లాడ. మూత వెట్టి సీసా బోర్లిస్త."

"బోర్లించడం ఎందుకు?"

"మూతకు గూడ వేడి తగలాలె గద."

"మరి పొయ్యి పక్కనే ఎందుకు?"

శారమ్మ టిఫిన్ డబ్బాని ఒళ్లోకి జరుపుకుంది. "ఏమో మేడం, నాకెవ్వలు చెప్పలే. శురువుల, సర్చికి ఇయ్యకముందట, దూరం కూసొని పోసిన, ఖరాబైనయి. మంట దగ్గర పోసిన, ఖరాబు కాలే. మళ్ల దూరం పోసి సూసిన, మళ్ల ఖరాబైనయి. అప్పటి సంది దగ్గరనే పోస్తున్న."

మేడమ్ శ్రీధర్ సార్ వైపు తిరిగి, ఇలా రెండోసారి చేసి సరిచూసుకునేవాళ్లు మీ క్లాసులో ఎందరున్నారని ఇంగ్లీషులో అడిగారు, సార్ కర్చీఫు తీసి ముఖం తుడుచుకున్నారు. "ఎంతవరకు చదువుకున్నారమ్మా?"

"బడికి పోలే మేడం."

మేడమ్ కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టి, ఇద్దరినీ వెళ్లమన్నారు. తర్వాత నా వంతు. నా ప్రాజెక్టు పళ్లాలకి కూడా బూజు ఎందుకు పట్టిందని మాత్రం అడిగారు. ఆ సంగతి వదిలేయండి.

నేను బయటికొచ్చేసరికి వరండాలో తల్లీకూతుళ్లు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఎస్తర్ నవ్వుతూ ఏడుస్తోంది. శారమ్మ టిఫిన్ డబ్బా గుండెకి అదుముకుని, బిడ్డ చేయి పట్టి లాగుతూ అడుగుతోంది.

"ఏం రాసిందే గామె? చెప్పరాదు! నేను పాసైననా?"